రెండు ఆసులు పడితే ముందే గట్టిగా పెంచాలా, సన్నగా పెంచి లాగాలా?

ఇర్వింగ్ బాబాయ్
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళం కొందరం శనివారాలు ఒకరింట్లో కూర్చుని హోల్డెమ్ పోకర్ ఆడతాం. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే డబ్బు) 1-2 డాలర్లు, తలా 200తో కూర్చుంటాం. ఇంటివాళ్ళు పైసా కోత తీసుకోరు. మొన్నటి ఒక చెయ్యి మీద వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

బటన్ మీదున్న (పంపకం వంతు ఉన్న) మా మిత్రుడికి ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు పడ్డాయి. అప్పటికే ముగ్గురు రెండేసి డాలర్లు పెట్టి లోపలికొచ్చారు. ఈయన 6 చేశాడు. చిన్న బ్లైండ్ పడేశాడు, మిగతా నలుగురూ కాల్ (అంతే పెట్టి కొనసాగారు). పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 31. ఫ్లాప్‌లో (అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆఠీను 8, ఆఠీను 7, కళావరు 4. ఈయన 20 వేస్తే పెద్ద బ్లైండ్ 70 చేశాడు. ఇద్దరి డబ్బూ మొత్తం లోపలికి పోయింది. పెద్ద బ్లైండ్ చేతిలో ఇస్పేటు 8, ఇస్పేటు 7. ఆసులు పోయాయి.

'ఎక్కువ పెంచితే అందరూ పారిపోతారు, అందుకే 6' అంటాడాయన. 15 చేయాల్సిందని నేను. మీ అనుభవం చెప్పండి.

ముక్కల మాష్టారు
బాబాయ్ గారూ, నేను మీ వైపే. ఎదుటివాళ్ళ దగ్గర ఏ ముక్కలైనా ఉండొచ్చు అనుకుంటే, ఆసుల జత చివరిదాకా నిలబడి గెలిచేది ఒకరి మీద 85 శాతం, ఇద్దరి మీద 73, ముగ్గురి మీద 64, నలుగురి మీద 56. అయిదుగురైతే సగానికి కాస్త తక్కువే.

నలుగురున్నా ఆసులకి లాభమే, కాదనను. చిక్కంతా ఫ్లాప్ తర్వాత వస్తుంది. ఒక్కొక్కరివి 6 డాలర్లు లోపల, 194 బయట. చిన్న జత పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లో సెట్టు (జతకి అదే ముక్క మూడోది) పడేది సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. 6 పెట్టి 194 కోసం కూర్చోవడమంటే ముప్పై రెండింతలు, ఎవడైనా కూర్చుంటాడు. 15 పెట్టి 185 అంటే పన్నెండింతలే. సెట్టు పడ్డ ప్రతిసారీ మీ డబ్బంతా వాడికి రాదు కాబట్టి అది వాడికి గిట్టదు. కాల్ చేస్తే చెయ్యనివ్వండి, కానీ తప్పు ధరకి చెయ్యాలి. మీ మిత్రుడు అందరికీ సరైన ధరకే ముక్కలు చూపించాడు.

మాండోవి మామ
నేను హైదరాబాద్ నుంచి గోవా పోయి ఆడుతుంట. పణజిల మాండోవి మీది క్యాసినో పడవలల్ల టేబుల్ చూస్తే సగం మంది సెలవులకు వచ్చినోళ్ళే. వాళ్ళు ముక్కలు చూడాల్నని కూసుంటరు గని పడేయనీకె కాదు. మూడింతలకు కాల్ చేసేటోడు ఏడింతలకు గూడ చేస్తడు. అసొంటోళ్ళ ముంగట సన్నగ పెంచుడెందుకన్నా?

నా లెక్క ఇది. పెద్ద బ్లైండ్‌కు మూడింతలు, ముందుగల ఊకె లోపలికొచ్చిన ఒక్కొక్కనికి ఇంకో ఇంత. ముగ్గురొస్తే ఆరింతలు, అంటే మీ ఆటల 12. కాల్ అలవాటున్న టేబులైతే 15. కని ఆసులకు 15, జాకీలకు 8, ఆసు-రాజుకు 10 అని మార్చుకుంట పోతే రెండు గంటలల్ల టేబుల్ మొత్తానికి ఎరుకైతది. ఏది పట్టుకున్నా ఒక్కటే లెక్క ఉండాలె.

సాన్‌హోసే సుబ్బు
ఎప్పుడూ గట్టిగా పెంచడమే అంటే నేను ఒప్పుకోను. ఇక్కడి కార్డు రూముల్లో నా ఎడమవైపు ప్రతి చేతికీ పెంచేవాడు కూర్చుంటే, మొదటి సీటులో ఆసులొచ్చినా నేను 2 పెట్టి ఊరుకుంటా. ఆయన 12 చేస్తాడు, ఇద్దరు కాల్ చేస్తారు, నా దాకా తిరిగొచ్చాక 60 చేస్తా. నేను ముందే 10 చేసుంటే లోపలికి రాని డబ్బు అది. 1988 పోకర్ వరల్డ్ సిరీస్ ఫైనల్లో జానీ చాన్ ఎరిక్ సైడెల్‌ని అలా ఊరుకునే కదా లాగింది!

ముక్కల మాష్టారు
సుబ్బు గారూ, చాన్ చేతిలో ఉన్నవి జాకీ, 9. ఫ్లాప్‌లో రాణి, 10, 8 పడి స్ట్రెయిట్ (వరుసగా అయిదు ముక్కలు) అయిపోయింది. ఎదురుగా ఉన్నది ఒక్కడే, వాడికి రాణుల జత. చెయ్యి తయారయ్యాక ఊరుకోవడం వేరు. ఆసులు పడగానే చేతిలో ఉన్నది ఒక్క జత, అది ఇంకా అయిదు ముక్కలు తట్టుకోవాలి. మీ ఎడమపక్క ఆయన మాత్రం నాకూ నచ్చాడు. అలాంటివాడు ఉన్నాడని ఖాయంగా తెలిస్తే మీ పద్ధతి బాగానే ఉంటుంది. వాడు ఆ ఒక్కసారి పెంచకపోతే మాత్రం ఆరుగురితో ఫ్లాప్ చూస్తారు.

మెల్‌బోర్న్ పిల్ల
అందరూ ఫ్లాప్ ముందే ఆగిపోయారు. 15 చేశాక ఏం చెయ్యాలో కూడా చూద్దాం. ఇద్దరు కాల్ చేశారనుకోండి. ముగ్గురివి 45, పడేసిన ఒకాయన 2, బ్లైండ్లు 3, పాట్ 50. మీ దగ్గర 185. ఫ్లాప్‌లో 30 వేస్తే, ఒకరు కాల్ చేస్తే పాట్ 110. టర్న్‌లో (నాలుగో ముక్క తెరిచాక) 65 వేస్తే 240. రివర్‌లో (అయిదో ముక్క తెరిచాక) మిగిలిన 90 మొత్తం. ఎక్కడా పాట్‌కి మించి వేయకుండానే మూడు బెట్లలో డబ్బంతా లోపలికెళ్ళింది. రాజు, 7, 2 లాంటి ఎండిపోయిన ఫ్లాప్‌లో రాజు-రాణి పట్టుకున్నవాడు మూడింటికీ కాల్ చేస్తాడు. బలమైన చేతికి డబ్బు వచ్చేది ఇలాంటి చోటే. ఇక్కడ చెక్ చేసి (ఏమీ వేయకుండా) ఊరుకుంటే ఒక బెట్ పోయినట్టే, రివర్‌లో అది తిరిగి రాదు.

ఇక బాబాయ్ గారి చేతిలో నాకు 6 కంటే ఆ 70 దగ్గరే బాధనిపించింది. ఆఠీన్లు రెండు, 8-7-4, అయిదుగురు లోపల. పెద్ద బ్లైండ్‌లో ఇంకో నాలుగు డాలర్లే పెట్టి వచ్చేవి 8-7, 6-5, 4ల జత, రెండు ఆఠీన్లు. మామూలుగా కాల్ చేసే మనిషి నలుగురి మధ్యలో 70 చేశాడంటే ఒక్క జతతో చెయ్యడు. ఇంకో ఆఠీను వస్తుందని చూసేవాళ్ళు కూడా చాలామంది కాల్ చేసి ఆగుతారు. అక్కడ నేనైతే ఆసుల్ని పడేస్తా. అదే మనిషి, అదే ఫ్లాప్, పాట్ ముందే 50 ఉండి ఇద్దరమే ఉంటే పడెయ్యను.

మాండోవి మామ
అక్కా, ఆ చివరి మాట వంద శాతం కరెక్ట్.

గుంటూరు కొత్త ఆటగాడు
నేను ఉత్త చిప్స్‌తో నేర్చుకుంటున్నానండి. రాజుల జతకి ఆసు తేలితే ఏం చెయ్యాలి? ఆసు-రాజుని కూడా ఆసుల్లాగే ఆడాలా?

ముక్కల మాష్టారు
తమ్ముడూ, రాజులు పట్టుకున్నప్పుడు ఫ్లాప్‌లో ఆసు తేలేది 23 శాతమే. దానికి భయపడి ముందే సన్నగా పెంచకు, గట్టిగా పెంచితేనే ఆసు-4 లాంటివి పోతాయి. ఆసు తేలి ఎదురుగా ఒక్కడే ఉంటే పాట్‌లో మూడోవంతు వేసి చూడు, వాడు కాల్ చేస్తే అక్కడినుంచి చెక్. ముగ్గురుంటే మొదటి బెట్ కూడా వద్దు. రాణులైతే ఆసో రాజో తేలేది 41 శాతం, జాకీలకి పై ముక్క తేలేది 57.

ఆసు-రాజుకి ఫ్లాప్‌లో జత అయినా తగిలేది మూడింట ఒకసారే. దాని బలమంతా ఫ్లాప్ ముందు ఉంది. అది నీ చేతిలో ఉంటే మిగిలినవాళ్ళకి ఆసుల జత ఆరు రకాల బదులు మూడు రకాలుగానే పడగలదు, రాజుల జతా అంతే. రాణుల మీద మొత్తం పెట్టినా 43 నుంచి 46 శాతం, ఆసు-రాణి మీదైతే 74. అందుకే పెంచు, ఎవరైనా పెంచితే మళ్ళీ పెంచు. తగలకపోతే ఒక్క బెట్ వేసి ఆగు.

నిర్వాహకుడు
ఒక గమనిక. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. యాప్‌ల పేర్లు, లింకులు ఇక్కడ పెట్టకండి. కొత్తవాళ్ళు ఉత్త చిప్స్‌తోనే నేర్చుకోండి.

ఇర్వింగ్ బాబాయ్
అందరికీ ధన్యవాదాలు. ఇదంతా ఆయనకి చూపించాను. '15 చేస్తే అందరూ పడేస్తే ఆసులు వృథా కాదా' అంటున్నాడు.

ముక్కల మాష్టారు
పడేస్తే ముగ్గురివి 6, బ్లైండ్లు 3, మొత్తం 9 డాలర్లు పోటీ లేకుండా వస్తాయి. ఆసులు 221 చేతులకి ఒకసారి పడతాయి, ఇంటి ఆటలో గంటకి ముప్పై చేతులు పంచినా ఏడు గంటలు దాటాలి. అంత ఎదురుచూశాక 9 చాలదనిపించడం సహజం. ఆయన్ని ఈ శనివారం నుంచి రాణులకీ, జాకీలకీ, ఆసు-రాజుకీ కూడా అదే 15 చేయమనండి. రెండు మూడుసార్లు జాకీలు తిప్పి చూపించాల్సొచ్చాక, ఆసులకి 15 చేసినప్పుడు కాల్ చేసేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.