ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందా, ఎక్కిందా, అంటుకుందా?

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఇంట్లో మొదలైన మాటల పట్టింపు ఒకటి ఇక్కడ పెడుతున్నాను. పెద్దలు తేల్చాలి.

మా అబ్బాయి ఏడో తరగతి. తెలుగు టీచర్ 'నాకు ఇష్టమైన ఆట' మీద పది వాక్యాలు రాసుకు రమ్మన్నారు. వాడు మొదటి వాక్యం 'నేను 2022లో అర్జెంటీనా జట్టు అభిమానిగా మారాను' అని రాసి పైకి చదివాడు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ, "మారడం ఏట్రా? మీ అమ్మ దగ్గర్నుంచి అంటుకుంది నీకు" అంది. హోంవర్కు ఆ పూటకి అక్కడే ఆగిపోయింది.

నాకు అమ్మ మాటే సరైనదనిపించింది. 'అభిమానిగా మారాను' అని రాస్తాం గానీ నోటితో ఎవరమూ అనం. 'నాకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది' అంటాం. అందులో కర్త నేను కాదు, పిచ్చి. ఆకలి వేసినట్టు, జలుబు చేసినట్టు, నిద్ర పట్టినట్టు అదే వచ్చి నన్ను పట్టింది. ఏ టీముని ఇష్టపడాలో కూర్చుని ఆలోచించి తేల్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. కాబట్టి మన వాక్యమే నిజానికి దగ్గరగా ఉంది.

ఇంతకీ ఏ క్రియ వాడాలి? పట్టినది ఏదో ఒక రోజు వదులుతుంది. దయ్యం పట్టింది, వదిలింది అంటాం. ఎక్కినది దిగుతుంది. మత్తు ఎక్కుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. అంటుకోవడం అలా కాదు. అంటుకోవాలంటే ముందు ఇంకొకరి దగ్గర అది ఉండాలి. మా అమ్మ అన్నదాంట్లో నాకు నచ్చింది ఇదే, 'మీ అమ్మ దగ్గర్నుంచి' అన్న మాట.

మీలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు, మీకు ఎలా వచ్చిందో, దాన్ని ఏ మాటతో చెప్పుకుంటారో రాయండి.

గాజువాక నుంచి ఒకరు:

నా ఓటు పూనకానికి. ఇంగ్లీషు 'ఫ్యాన్' కూడా అక్కడి నుంచి వచ్చిందే కదా. అది 'ఫెనాటిక్'కి పొట్టి రూపం. దాని మూలం లాటిన్ 'ఫానుమ్', అంటే గుడి. గుడిలో దేవుడు పూనినవాడు ఫనాటికస్. ఎక్కడైనా మనిషి మనిషే.

మొదట అడిగినామె:

సంగతి చాలా బాగుంది అన్నయ్యా, నాకు తెలియదు. కానీ పూనకం ఆ జాతర వరకే. హారతి ఇచ్చాక దిగిపోతుంది, మనిషి లేచి మంచినీళ్ళు అడుగుతాడు. నేను అడిగేది ముప్పై ఏళ్ళు ఉండిపోయేదాని గురించి.

ఉక్కునగరం నుంచి ఒకరు:

మేడమ్, నా మాట 'మరగడం'. రుచి మరిగిన పిల్లి ఉట్టి మీదకు ఎగిరినట్టు అంటారే, అది.

2005లో నేను ఇక్కడే విశాఖలో ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. ఆ ఏడాది ఏప్రిల్ 5న పీఎం పాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. హాస్టల్ మొత్తం నెలరోజులు అదే మాట. క్రికెట్ పిచ్చి నాకు ఎప్పుడు పట్టింది అంటే చెప్పలేను, అందులోనే పుట్టాం. ఫుట్‌బాల్ మాత్రం తేదీతో సహా చెప్పగలను. మే 25 రాత్రి, మన గడియారం ప్రకారం 26. ఇస్తాంబుల్‌లో యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్, లివర్‌పూల్, ఏసీ మిలాన్. మన టైం పన్నెండుంపావుకి మొదలు. నా రూమ్మేట్ మలయాళీ, లివర్‌పూల్ వాడు. కామన్ రూంలో వాడికి తోడు కావాలని నన్ను లాక్కెళ్ళాడు. మొదటి నిమిషంలోనే మాల్దీనీ గోల్ కొట్టేశాడు. హాఫ్ టైంకి మిలాన్ 3, లివర్‌పూల్ 0. పొద్దున్న ల్యాబ్ ఉందని నేను లేచాను. వాడు నా చెయ్యి పట్టుకుని "ఇంకో పది నిమిషాలు కూర్చో రా" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. ఆ గొంతు విని కూర్చున్నాను, ఆట కోసం కాదు.

సెకండ్ హాఫ్‌లో ఆరు నిమిషాల్లో మూడు గోల్స్. జెరార్డ్, ష్మీట్సర్, అలోన్సో. మూడోదానికి నేను కుర్చీ ఎక్కి ఉన్నాను. పెనాల్టీల్లో లివర్‌పూల్ గోల్‌కీపర్ దూదెక్ ఆఖరి బంతి ఆపేసరికి టైం మూడు దాటింది. మా ఇద్దరికీ మాట రాలేదు.

ఆ రుచి ఒక్కసారి తగిలాక ఇక వదల్లేదు. అందుకే మరగడం అంటున్నాను. పాలు మరిగినట్టు, రక్తం మరిగినట్టు కూడా.

మొదట అడిగినామె:

తమ్ముడూ, మీ మాట తీసెయ్యలేను. కానీ మీరు రాసినదాంట్లోనే చూడండి, మిమ్మల్ని కూర్చోబెట్టింది ఆట కాదు, మీ స్నేహితుడి గొంతు. రుచి తరవాత మరిగారు. ముందు ఆయన దగ్గర్నుంచి అంటుకుంది.

పెదవాల్తేరు మాస్టారు:

అమ్మాయీ, మంచి ప్రశ్న వేశావు. నేను ఆట చూసేవాణ్ణి కాను, మాట వరకు చెబుతాను.

'అభిమానం' సంస్కృతంలో ప్రధానంగా గర్వం, నేను అనే పట్టుదల. తెలుగులో అది ప్రేమగా మెత్తబడింది గానీ పాత అర్థం పోలేదు. 'అభిమానం గల మనిషి' అంటే పౌరుషం గలవాడనే. అందుకే జట్టు ఓడితే మీకు అన్నం సయించదు. ప్రేమ ఒక్కటే అయితే జాలిపడి ఊరుకునేవారు, దెబ్బ తగిలింది గర్వానికి.

మీరంతా చెబుతున్నదానికి 'మమకారం' ఇంకా దగ్గర. 'మమ' అంటే నాది. నాది చేసుకోవడమే మమకారం.

ఇక 'అంటు'. దీన్ని రోగానికే వదిలెయ్యకు. తోటలో అంటు కట్టడం ఉందిగా. నర్సీపట్నం దగ్గర మాకు కాస్త మామిడి తోట ఉండేది. నాటు మొక్కను ఏటవాలుగా కోసి, బంగినపల్లి కొమ్మ చెక్కి, రెండు కోతలూ ఒకదానికొకటి ఆనేలా పెట్టి బిగించి కడతారు. చిగురు వచ్చాకే కట్టు విప్పేది. వేరు నాటుది, కాయ బంగినపల్లిది. ఆ తరవాత ఏది ఎక్కడ మొదలైందో విడదియ్యలేవు. మంటకు ఆరడం ఉంది, జ్వరానికి తగ్గడం ఉంది. అతికిన అంటుకు విరగడమే తప్ప ఊడడం లేదు.

నీ మాట సరే. నీకెలా అంటుకుందో చెప్పలేదు.

మొదట అడిగినామె:

చెబుతాను మాస్టారూ. కాస్త పెద్దదే.

1994. నాకు పదకొండేళ్ళు. డొండపర్తి దగ్గర రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా పై ఇంట్లో ఒక బెంగాలీ కుటుంబం. ఆయన్ని మేమంతా 'కాకూ' అనేవాళ్ళం, బెంగాలీలో బాబాయ్ అని. ఆయనది మోహన్ బగాన్. ఆ జట్టు గెలిస్తే వాళ్ళింట్లో రొయ్యల కూర, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ పక్క లైన్లో ఉండే ఇంకో బెంగాలీ వాళ్ళింట్లో ఇలిష్ చేప, అంటే మన పులస. పూర్ణా మార్కెట్ నుంచి ఏ సంచీ వచ్చిందో చూసి కలకత్తాలో ఎవరు గెలిచారో మా అమ్మ చెప్పేసేది.

ప్రపంచకప్‌కి కాకూ బ్రెజిల్. జులై 17న బ్రెజిల్, ఇటలీ ఫైనల్ మనకు తెల్లవారితే సోమవారం అనగా రాత్రి ఒంటిగంటకి. టీవీ వాళ్ళింట్లోనే పెద్దది కాబట్టి లైన్లో వాళ్ళందరం అక్కడే. తలుపులు బార్లా తీసినా గాలి లేదు, ఒకటే ఉక్కపోత. నాకు ఆట అర్థం కాలేదు. గోల్ పడలేదు, అదనపు సమయంలోనూ పడలేదు. నిద్ర ఆపుకోవడానికి స్టెబిలైజర్ మీది ఎర్ర లైటు చూస్తూ కూర్చున్నాను.

ఇటలీ ఆఖరి పెనాల్టీకి బాజియో వచ్చాడు. వెనక చిన్న జడ. నాకు గుర్తున్నది ఆ జడే, ఎందుకంటే మా తమ్ముడు 'మగాడికి జడేంటి' అని అంతసేపూ నవ్వుతున్నాడు. బంతి గోల్ పైనుంచి వెళ్ళిపోయింది. గది గదంతా లేచి అరిచింది, ఎవరో నా కాలు తొక్కారు. మనుషుల మధ్య సందులోంచి టీవీ కనిపించింది. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని, ఆ చుక్క దగ్గరే నిలబడిపోయాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. నాకు ఏడుపొచ్చేసింది. నైజీరియా మీద రెండు, స్పెయిన్ మీద ఒకటి, బల్గేరియా మీద రెండు గోల్స్ కొట్టి వాళ్ళని అంతదూరం తెచ్చింది ఆయనేనని అప్పటికి నాకు తెలియదు. మనిషి ఒంటరిగా ఉన్నాడని మాత్రం తెలిసింది.

కాకూ గంతులేస్తూ నన్ను చూశారు. ఆగిపోయారు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుని, తనకొచ్చిన తెలుగులో "నువ్వు ఇటలీ. ఇంక ఎప్పుడూ నువ్వు ఇటలీ" అన్నారు. ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా పేపర్లో ఇటలీ గురించి చిన్న ముక్క వచ్చినా కత్తిరించి నాకు ఇచ్చేవారు, బ్రెజిల్ ఆయన. నాకు ఆయన దగ్గర్నుంచి వచ్చింది టీము కాదు. మా అబ్బాయికీ అంతే. నాది ఇటలీ, వాడిది అర్జెంటీనా. తెగులు ఒకటే.

2006లో బెర్లిన్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఇటలీ పెనాల్టీల్లోనే గెలిచిన రాత్రి కాకూ ఫోన్ నంబరు నా దగ్గర లేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకొకటి. ఇటలీలో అభిమానిని 'తిఫోసో' అంటారు. 'తిఫో' అంటే టైఫస్ జ్వరం, ఒకరి నుంచి ఒకరికి పాకేది. మా అమ్మ ఇటాలియన్ చదవలేదు.

మధురవాడ నుంచి ఒక విద్యార్థిని:

అక్కా, నాకు ఎవరూ అంటించలేదు. మా ఇంట్లో ఫుట్‌బాల్ చూసేవాళ్ళే లేరు. కజిన్ ఫోన్లో గేమ్ ఆడుతూ నీలం జెర్సీ బాగుందని చెల్సీ టీము తీసుకున్నాను. తరవాత మ్యాచులు చూడ్డం మొదలుపెట్టాను. నేనైతే 'అలవాటు పడ్డాను' అంటాను.

స్పానిష్‌లో 'ఇంచా' అంటారు, అది గాలి నింపడం అనే క్రియ నుంచి వచ్చింది. ఉరుగ్వేలో నాసియొనాల్ క్లబ్ బంతులకు గాలి కొట్టే ఆయన ఒకాయన గ్రౌండ్ పక్కన నిలబడి అందరికంటే గట్టిగా అరిచేవాడట. ఆయన పని పేరే అభిమానులందరికీ వచ్చింది. బీచ్ రోడ్డులో ఆడేటప్పుడు మా బంతికి సైకిల్ షాపులో గాలి కొట్టించేది నేనే, అందుకని నాకు ఆ మాట ఇష్టం.

ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు:

ఇంత చర్చ అక్కర్లేదండీ. ఉన్న మాట ఉంది, వేలంవెర్రి. 2022 డిసెంబర్‌లో ఆర్కే బీచ్‌లో ఎవరిని చూసినా మెస్సీ జెర్సీయే. వాళ్ళలో ఎంతమంది ఇప్పుడు చూస్తున్నారు? గెలిచేవాడి వెనక జనం నడుస్తారు, అంతే.

మొదట అడిగినామె:

మీరన్నది ఉంది సార్, కాదనను. దాని మీద పరిశోధన కూడా ఉంది. 1976లో రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు అమెరికాలో యూనివర్సిటీ విద్యార్థులకు ఫోన్ చేసి, వాళ్ళ కాలేజీ జట్టు ఆడిన ఆటల గురించి అడిగారు. అక్కడి ఫుట్‌బాల్, మనది కాదు. గెలిచిన ఆట గురించి చెప్పేటప్పుడు 'మనం' అనడం ఎక్కువ, ఓడినదాని గురించి చెప్పేటప్పుడు తక్కువ.

నేను పరీక్ష పెట్టేది అక్కడే. గెలిస్తే 'మనోళ్ళు' అని ఎవరైనా అంటారు. ఓడినప్పుడు ఏమంటారన్నది చూడాలి. 2018కీ 2022కీ ఇటలీ ప్రపంచకప్‌కి అర్హత కూడా పొందలేదు. 2022 మార్చిలో నార్త్ మాసిడోనియా చేతిలో ఓడిన రాత్రి నేను 'మనోళ్ళు పోయారు' అనుకున్నాను, 'ఇటలీ పోయింది' అనుకోలేదు. మాస్టారు చెప్పిన చిగురు అదేననుకుంటాను. బీచ్‌లో జెర్సీ వేసుకున్నవాళ్ళలో చాలామందికి కట్టు కట్టారు, అతకలేదు. కొందరికి అతికింది. చెల్లీ, నీకు ఎవరు కట్టారో నేను చెప్పలేను. నీ చెల్సీ ఓడినప్పుడు నీ నోట ఏ మాట వస్తుందో ఒకసారి చూసుకుని రాయి.

మధురవాడ విద్యార్థిని:

'మనోళ్ళు' అనే వస్తుంది అక్కా. చాలా సార్లు వచ్చింది.

పెదవాల్తేరు మాస్టారు:

ఇంగ్లీషువాడికి ఒక్కటే 'వీ'. మనకు 'మేం' వేరు, 'మనం' వేరు. ఎదుటివాడు కూడా అదే జట్టువాడైతేనే 'మనోళ్ళు', కాకపోతే 'మావాళ్ళు'. మీ పిల్లవాడు చివరికి ఏం రాశాడు?

మొదట అడిగినామె:

కొట్టేసి మళ్ళీ రాశాడు మాస్టారూ. 'మా అమ్మ పక్కన కూర్చుని ఫైనల్ చూశాను. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది. రెండు గోల్స్ ముందున్నాం. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు నిమిషాల్లో రెండు కొట్టి సమం చేశాడు. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటి నుంచి అర్జెంటీనా మనోళ్ళు' అని. నాది ఇటలీ అయినా ఆ రాత్రి నా చేతులు చల్లబడిపోయిన మాట నిజం.

నిన్న నోటుబుక్కు ఇచ్చారు. 'మనోళ్ళు' కింద ఎర్ర గీత పెట్టి పక్కన 'మనవాళ్ళు' అని దిద్దారు టీచర్. 'మా' అని దిద్దలేదు, 'మన' అలాగే ఉంచారు.