కుంకుడు, వేప ద్రవం చెడకుండా ఏం కలపాలి?

పలాస దగ్గర ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. క్రిములను చంపే 4 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో పదేపదే చేతులు కడిగితే మాలో కొందరికి వేళ్ల సందులు పగిలి మండుతున్నాయి. అందుకని కాన్పులకు, డ్రెస్సింగ్‌లకు దాన్నే ఉంచి, మామూలుగా చేతులు కడుక్కోవడానికి కుంకుడు రసంలో వేపాకు కషాయం కలిపి చూశాం. 40 నుంచి 60 సెకన్లు రుద్దితే జిడ్డు పోతోంది, మంట లేదు. కానీ ఈ ఉక్కకి రెండో రోజుకే పులిసిన వాసన, పైన తెట్టు. మరిగించి వడకట్టాం, ఉప్పు వేశాం, నిమ్మరసం పిండాం. ఫ్రిజ్ టీకాలకే, అందులో పెట్టకూడదు. చెడిన ద్రవంలో క్రిములు పెరిగి బాలింతలకు అంటుతాయేమోనని టెన్షన్‌తో ప్రస్తుతానికి ఆపేశాం. మొక్కల సబ్బుల తయారీ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి: చర్మానికి పడే ఏ ప్రిజర్వేటివ్, లీటరుకు ఎంత కలిపితే ఇది నెల రోజులు చెడకుండా ఉంటుంది?