‘అసమకాలిక అభ్యర్థన’కు ఇంకో మాట ఉందా?

విజయవాడ, సత్యనారాయణపురం:
పెద్దలకు నమస్కారం. డిప్లొమా పిల్లలకు సాయంత్రాలు వెబ్‌సైట్లు తయారుచేసే పీహెచ్‌పీ భాష, దానితో కట్టిన లారావెల్ చట్రం చెబుతుంటాను. పేజీ మొత్తం మళ్లీ తెరవకుండానే సర్వరుతో మాట్లాడే ‘అజాక్స్’ పద్ధతి పాఠానికి తెలుగులో నోట్సు రాస్తూ, ‘ఎసింక్రనస్ రిక్వెస్ట్’కు (జవాబు కోసం పేజీ ఆగకుండా సర్వరును అడగడానికి) ‘అసమకాలిక అభ్యర్థన’ అని పెట్టాను. ఒక్కరికీ మింగుడు పడలేదు. ఇంతకన్నా మంచి మాట చెబుతారా?

గుంటూరు, బ్రాడీపేట:
మాస్టారూ, సమకాలికులంటే ఒకే కాలం వారు. నన్నయ, నారాయణభట్టు సమకాలికులు. నన్నయ, తిక్కన కారు. మీ మాట ప్రకారం బ్రౌజరు 11వ శతాబ్దంలోనూ, సర్వరు 13వ శతాబ్దంలోనూ ఉన్నట్టు! మీరు చెప్పదలచింది కాలం సంగతి కాదు, ఆగకపోవడం సంగతి. ‘ఆగని’ అనండి, చాలు.

విజయవాడ:
అసలు చిక్కు అక్కడేనండి. పిల్లలు ‘ఫెచ్’ (సర్వరుకు రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఆజ్ఞ) అని రాసి, కింది వరుసలోనే ఫలితం చూపించమంటారు. ‘ప్రామిస్, పెండింగ్’, అంటే జవాబు ఇంకా రావలసి ఉంది, అని కనబడగానే సర్వరు పాడైందంటారు. జవాబు వచ్చాక చేయవలసిన పనిని ‘దెన్’ లోపల రాయాలని, లేదా ముందు ‘అవెయిట్’ పెట్టాలని చెబితే తల ఊపుతారు గానీ, మళ్లీ అదే.

బ్రాడీపేట:
హోటల్లో కూర్చుని ‘దోసె చెప్పాను’ అంటాం కదా. చెప్పడం వేరు, రావడం వేరు. మీవాళ్లు చెప్పిన మరుక్షణమే చట్నీలో వేలు ముంచుతున్నారు.

గుంటూరు, అరండల్‌పేట:
‘ఆగని’ బాగుంది. నా పేచీ ‘అభ్యర్థన’తో. బతిమాలుతున్నట్టు ఉంది. ‘పురమాయింపు’ అనకూడదా?

విజయవాడ:
పురమాయించామంటే మన మాట చెల్లుతుందనే కదండీ. సర్వరు కాదనవచ్చు. సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) జత చేయకుండా పోస్ట్ (డేటా పంపే రిక్వెస్ట్) పంపితే లారావెల్ 419 అనే తప్పు సంఖ్య ముఖాన కొడుతుంది.

అరండల్‌పేట:
అయితే ‘అర్జీ’. పెట్టుకుంటాం, చేరుతుంది, పరిశీలిస్తారు, తోసిపుచ్చుతారు. క్రియలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఉర్దూ మాటని ఎవరైనా మూతి విరిస్తే విరవనివ్వండి; కలెక్టరేట్ మెట్లెక్కే ప్రతివారికీ తెలిసిన మాట అది.

విజయవాడ, పటమట:
మాటల సంగతి అలా ఉంచి, ఆ 419 గురించి ఒక ముక్క. అది బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే హెచ్‌టీటీపీ ప్రమాణంలోని సంఖ్య కాదు, లారావెల్ సొంతంగా పెట్టుకున్నది. పేజీ తలభాగంలో మెటా ట్యాగులో టోకెన్ ఉంచి, దాన్ని ‘ఎక్స్-సీఎస్‌ఆర్‌ఎఫ్-టోకెన్’ అనే హెడరులో (రిక్వెస్టుతో పాటు వెళ్లే చీటీలో) పంపమనండి. ‘యాక్సెప్ట్’ హెడరులో జేసన్ (డేటాను రాసే ఒక పద్ధతి) కావాలని కూడా చెప్పించండి. లేకపోతే ఫారంలో తప్పు దొర్లినప్పుడు 422తో జేసన్ రావలసింది పోయి, 302తో పాత పేజీకి మళ్లిస్తుంది. ఫెచ్ నోరు మెదపకుండా అక్కడికి వెళ్లి, మొత్తం హెచ్‌టీఎంఎల్ మోసుకొస్తుంది. దాన్ని జేసన్‌గా చదవబోతే మొదటి అక్షరం దగ్గరే పేచీ. కొత్తవాళ్లు సగం రాత్రి పోగొట్టుకునేది ఇక్కడే. అన్నట్టు, 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ అజాక్స్ అని పేరు పెట్టినప్పుడు ఎక్స్ అంటే ఎక్స్‌ఎంఎల్, డేటాను రాసే ఇంకో పద్ధతి. ఇప్పుడు పంపేది ఎక్కువగా జేసనే. పేరు మాత్రం మారలేదు.

విజయవాడ, సత్యనారాయణపురం:
ధన్యవాదాలండీ. అయితే ‘ఆగని అర్జీ’ అని రాసేస్తాను.

బ్రాడీపేట:
ఆగండి మాస్టారూ! ఆగనిది అర్జీ కాదు, పేజీ. అర్జీ సర్వరు దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు. విశేషణం ఎవరికి తగిలిస్తున్నామో చూసుకోవాలి. ‘పేజీని ఆపని అర్జీ’ అనండి.

సత్యనారాయణపురం:
సరేనండి, అలాగే. పక్కన ‘ఎసింక్రనస్ రిక్వెస్ట్’ కూడా ఉంచుతాను, ప్రశ్నపత్రంలో వచ్చేది అదే కాబట్టి. ‘మిడిల్‌వేర్’ అనే ఇంకో మాట పట్టుకుని వచ్చేవారం మళ్లీ మీ ప్రాణం తీస్తాను.