స్లీవ్ తరువాత తగ్గని ఛాతీ మంట, వాంతులు: బైపాస్‌గా మార్చుకోక తప్పదా?

ప్రశ్న:
బరువు తగ్గడానికి కడుపును కుదించే స్లీవ్ ఆపరేషన్ నాకు జరిగి మూడేళ్లు దాటింది. బరువు ఆశించిన మేరకు తగ్గింది, మధుమేహం మందులు కూడా ఆగిపోయాయి కనుక ఆపరేషన్ విఫలమైందని అనలేను. అయితే చాలాకాలంగా ఛాతీలో మంట తగ్గడం లేదు. రాత్రి నడుం వాల్చగానే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని, దగ్గుతో మెలకువ వస్తోంది. గట్టి పదార్థం ఏదైనా రెండు ముద్దలు తినేసరికి రొమ్ము ఎముక వెనుక పట్టేసినట్లై నురగలా వాంతి అవుతోంది. ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ రెండు పూటలా వేసుకుంటున్నాను. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఒరిసిపోయిందని, చిన్న హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) కూడా ఉందని తేలింది. కడుపు పైభాగంలోని చిన్న సంచికి పేగును నేరుగా కలిపే రూ-ఎన్-వై బైపాస్‌గా మార్చడమే మేలని సర్జన్ అంటున్నారు. ఇంట్లోవారు మాత్రం "ఒకసారి కోయించుకున్నది చాలదా?" అంటున్నారు. ఈ దారిలో నడిచినవారు ఉన్నదున్నట్లు చెప్పగలరా?

మొదటి జవాబు:
నేను ఇదే కారణంతో మార్పించుకున్నాను. స్లీవ్‌లో కడుపులో సుమారు 75–80 శాతం తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. దానిలో ఒత్తిడి ఎక్కువగా ఉండటం వల్ల ఆమ్లం పైకి తన్నడానికి వీలు కలుగుతుంది. బైపాస్‌లో పైభాగంలో చిన్న సంచిని మాత్రమే ఉంచి, పేగును నేరుగా దానికి కలుపుతారు కాబట్టి ఆమ్లం గానీ పైత్యరసం గానీ అన్నవాహిక వైపు రావడం బాగా తగ్గుతుంది. నాకు మంట నిజంగానే పోయింది.

అయితే రెండోసారి చేసే ఆపరేషన్‌కు మొదటిదానికంటే ప్రమాదం ఎక్కువ. పాత కుట్ల దగ్గర కణజాలం గట్టిపడి ఉంటుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. నాకు సంచినీ పేగునూ కలిపిన అతుకు దగ్గర లీకు వచ్చింది. జ్వరం రాకముందే గుండె వేగం 120 దాటి అక్కడే నిలిచిపోయింది. నొప్పి వల్ల అలా ఉందేమోనని అందరమూ అనుకున్నాము. నీలి రంగు కలిపిన నీళ్లు తాగించగా, కాసేపటికే పొట్టలోని ద్రవం బయటికి రావడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టం సంచిలో ఆ నీలం కనిపించింది. ఆ తరువాత నోటితో ఏమీ తీసుకోకుండా, పేగులోకి వేసిన గొట్టం ద్వారానే ఆహారం ఎక్కించారు. ఇంటికి వెళ్లాక గుండె దడ, ఎడమ భుజం నొప్పి, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు.

రెండవ జవాబు:
మీ ప్రశ్నలో నన్ను ఆపినది మంట కాదు, రెండు ముద్దలకే పట్టేయడం. స్లీవ్ మధ్యలో, కడుపు వంపు తిరిగే చోట ఇరుకుగా మారినా, మెలిపడినా, తిన్నది దాని పైనే నిలిచిపోతుంది. వాంతి, మంట రెండూ ఆ ఒక్క కారణంతోనే రావచ్చు. ఎండోస్కోప్ కిందికి దిగిందన్నంత మాత్రాన ఇరుకు లేదని చెప్పలేము. బేరియం (ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే ద్రవం) తాగించి ఎక్స్‌రే తీస్తే అది ఎక్కడ ఆగుతోందో కనిపిస్తుంది. నాకు అలాగే బయటపడింది, బెలూన్‌తో కొన్ని విడతలుగా వెడల్పు చేయడంతో సరిపోయింది. అందరికీ అలా సరిపోదు; కొందరికి చివరకు బైపాస్ చేయవలసి వస్తుంది. అన్నవాహిక కదలికలను కొలిచే మానోమెట్రీ, 24 గంటల ఆమ్ల పరీక్ష అవసరమా అని కూడా అడగండి. ఏ కారణానికి ఆపరేషన్ చేస్తున్నారో కాగితం మీద స్పష్టంగా ఉండాలని నా అభిప్రాయం; "ఎలాగూ మారుస్తున్నాం, ఇంకొంచెం బరువూ తగ్గుతుంది" అన్న మాట నాకైతే కారణంగా తోచదు.

మూడవ జవాబు:
నేను ఇటువంటి రోగుల పోషకాహారం చూసే విభాగంలో పనిచేస్తాను. వాంతులు వారాల తరబడి ఉంటే ఆపరేషన్ తేదీ కంటే ముందు థయమిన్, అంటే విటమిన్ బి1, గురించి ఆలోచించాలి. శరీరంలో దాని నిల్వ కొద్ది వారాలకే అయిపోతుంది. పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మతిమరుపు వస్తే అది అత్యవసరం. గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ ఇవ్వమని గుర్తు చేయండి. ఐరన్, బి12, విటమిన్ డి, ప్రోటీన్ స్థాయిలు ముందుగా సరిచేసుకోండి. పొగ తాగే అలవాటుంటే పూర్తిగా మానాలి. బైపాస్ తరువాత ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు అతుకు దగ్గర పుండ్లకు దారితీస్తాయి. ఏళ్ల తరువాతైనా కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే లోపలి హెర్నియా (పేగు లోపలి ఖాళీలోకి జారి ఇరుక్కోవడం) కావచ్చు; స్కాన్ మామూలుగా ఉన్నా సర్జన్‌కు చూపించవలసిందే.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బేరియం పరీక్షకు సమయం తీసుకున్నాను. పాదాల్లో తిమ్మిర్లు నాకు ఉన్నాయి, బరువు తగ్గడం వల్లనేమోనని ఎవరికీ చెప్పలేదు. రేపు ఉదయమే వెళ్లి బి1 సంగతి అడుగుతాను. మొదటి జవాబు రాసినవారికి ఒక ప్రశ్న: మీరు మళ్లీ నోటితో తినడం ఎప్పుడు మొదలుపెట్టారు?

మొదటి జవాబు రాసినవారు:
నెల దాటాక. మొదట చెంచాతో నీళ్లు, అదీ మరోసారి రంగు నీళ్లు తాగించి డ్రెయిన్‌లోకి రావడం లేదని నిర్ధారించుకున్న తరువాతే. తిమ్మిర్ల విషయంలో రేపటిదాకా ఆగకండి, ఈ రోజే ఫోన్ చేయండి.