22 వారాల ఇంటర్న్‌షిప్‌లో ముసలివాళ్లకు వేరే పోస్టింగ్ కావాలా, వద్దా?

నల్లగొండ_ట్యూటర్

అందరికీ నమస్తే. మా స్టాఫ్‌రూమ్‌లో తెగని గొడవ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలోకి మారాక ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్. 22 వారాలు, వారానికి 48 గంటలు. అడల్ట్ హెల్త్‌కి 6 వారాలు, పిల్లలకు 4, కాన్పులకు 4, మానసిక ఆరోగ్యానికి 4, కమ్యూనిటీకి 4. వృద్ధుల సేవ ఎప్పుడో నాలుగో సెమిస్టర్‌లో, అడల్ట్ హెల్త్ రెండో పేపర్‌లో ఒక భాగంగా అయిపోతుంది. ఇంటర్న్‌షిప్‌కి వచ్చేసరికి దాని పేరు ఎక్కడా కనిపించదు.

ఆ 6 వారాల్లోంచి 2 వారాలు పక్కకు తీసి, 60 దాటినవాళ్ల కోసమే పెట్టాలని నేనంటున్నాను. కొత్తగా వారాలేమీ అడగడం లేదు.

వయసు మారితే లెక్క మారుతుందని పిల్లల వార్డు విషయంలో మనవాళ్లకు బాగా తెలుసు. రెండు నెలల్లోపు పసిబిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదం. ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అదే 78 ఏళ్ల మనిషికి న్యుమోనియా వస్తే ఒళ్లు కాలకపోవచ్చు, దగ్గు కూడా పెద్దగా ఉండకపోవచ్చు, ముందు మాటలోనే తేడా రావచ్చు అని ఎంతమందికి తెలుసు?

మొన్న ఒక కేర్ ప్లాన్ దిద్దాను. పేషెంట్ ఒక తాత, న్యుమోనియా. టెంపరేచర్ 98.4. ఊపిరి నిమిషానికి 28. రాత్రి నుంచి పక్క బెడ్ అటెండర్‌ని పట్టుకుని "ఎడ్లు కట్టేసినవా" అని అడుగుతున్నాడట. ఇదంతా మా స్టూడెంట్ అమ్మాయే రాసింది, ఒక్క ముక్క వదలకుండా. కింద నర్సింగ్ డయాగ్నసిస్‌లో మాత్రం మొదటిది "జ్వరం". పుస్తకంలోంచి దించింది. ఎడ్ల మాట చివరికొచ్చేసరికి "పేషెంట్ సహకరించడం లేదు" అయి కూర్చుంది. ఆక్సిజన్ ఎంతుందో చూసినట్టు షీట్‌లో ఎక్కడా లేదు.

ఈ అమ్మాయి తెలివైనదే. చంటిబిడ్డ పాలు తాగడం మానేసినా, మత్తుగా పడుకున్నా అది ప్రమాద సూచన అని వెంటనే పట్టేస్తుంది. తాత దగ్గర అదే చూపు ఎందుకు రాలేదు? మనం నేర్పలేదు కనక.

పాలమూరు_వార్డ్‌సిస్టర్

మేడమ్, మీ బాధ అర్థమైంది గానీ మీరు రాసిన మందు సరిగ్గ లేదు. ఏ మేల్ మెడికల్ వార్డుకన్న పొయ్యి చూడుండ్రి. పక్షవాతం, ఆయాసం, కిడ్నీలు, షుగర్ పుండ్లు. మంచాల మీద ఉన్నోళ్లల్ల ఎక్కువ మంది తాతలే. మీ స్టూడెంట్ పిల్లలు 6 వారాలు చూసేది వాళ్లనే. మల్ల వేరే పోస్టింగ్ అంటే కొత్తగ ఏం చూపిస్తరు?

అసలు రోగం ఇంకోటుంది. పిల్లలను పొద్దున వార్డుల దింపి, ట్యూటర్లు పదకొండు గంటలకు ఒక రౌండ్ కొట్టి పోతరు. అందరు అనను, శానామంది. వార్డంతటికి మేం ఇద్దరం ఉంటం. మీ పిల్లలను ఒక్కొక్కరిని మంచం కాడ నిలవెట్టి చెప్పే తీరిక మాకెక్కడిది? రేపు వృద్ధుల పోస్టింగ్ అని బోర్డు మార్చినా అయ్యేది ఇదే: తుడుచుడు, పక్క మార్చుడు, వీల్‌చైర్ తోసుడు. ఆయా రాని రోజు మీ పిల్లలే ఆయాలు. ఆ పని తక్కువదని అంటలేను, నేనూ చేస్త. దానికోసం నాలుగేండ్లు చదవాల్నా అని అడుగుతున్న.

ఇంకొక్క ముచ్చట. ఎస్‌ఎన్‌సీయూల, అంటే పసిగుడ్ల స్పెషల్ వార్డుల, కిలోన్నర బిడ్డకు క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టమంటే ఫైనలియర్ పోరల చేతులు వణుకుతున్నయ్. వారాలు ఎక్కడన్న కలపాలనుకుంటే ఆడ కలపుండ్రి.

ఫైనలియర్_అమ్మాయి

నేను ఫైనలియర్. కాలేజీ పేరు అడగొద్దు.

సిస్టర్ చెప్పింది నిజమే, ముసలోళ్లు వార్డు నిండ ఉంటరు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, వాళ్లు మాకు ప్రొసీజర్ దొరికే బెడ్లు. రైల్స్ ట్యూబ్ (ముక్కుల నుంచి కడుపుల ఏసే గొట్టం), కాథెటర్ (మూత్రం గొట్టం), సక్షన్, బ్యాక్ కేర్ అన్నీ వాళ్ల మీదనే నేర్చుకుంటం. లాగ్‌బుక్ నిండేది ఆడనే. సంతకం అయిపోతే ఇంకో బెడ్‌కు పోతం.

పిల్లల వార్డుల అట్ల నడవదు. పక్కనే తల్లి కూసుంటది. అది ఏం సూది, ఎందుకు, నిన్న ఇయ్యలేదు గదా ఇయ్యాల ఎందుకు అని అడుగుతనే ఉంటది. ఆమెకు జవాబు చెప్పాలె గాబట్టి ముందే చదువుకొని పోతం. తాత కాడ కొడుకు ఫోన్ చూసుకుంట ఉంటడు. మమ్మల్ని అడిగేటోళ్లు లేరు, మేం చదివేది లేదు.

వైవాల గూడ అంతే. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, 8 కిలోల బిడ్డకు ఎంత, సిరప్ ఎన్ని ఎం.ఎల్. అని ప్రతిసారి అడుగుతరు. ముసలోళ్ల డోసు గురించి నన్ను ఇప్పటిదాంక ఏ ఎగ్జామినరూ అడగలే.

మా బ్యాచ్‌ల ఒకామె క్యాన్యులా తీసేటప్పుడు ప్లాస్టర్ చర్రున గుంజితే ఒక అవ్వ చెయ్యి తోలు లేచొచ్చింది. అప్పుడు ఇన్‌చార్జ్ సిస్టర్ చేసి చూపించిండ్రు. ప్లాస్టర్ తడిపి, పక్కన తోలును వేలితోని అదిమిపట్టి, ప్లాస్టర్‌ను దాని మీదికే మడతేసుకుంట మెల్లగ తియ్యాలె. పైకి లేపి గుంజొద్దు. ఏ పుస్తకంలనో ఉండే ఉంటది. మేం నేర్చుకున్నది మాత్రం ఆ అవ్వకు దెబ్బ తాకినంక.

పల్లెదవాఖాన_నుంచి

నేను నారాయణపేట వైపు పల్లె దవాఖానలో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా చేస్తున్నాను. మీరంతా వార్డు దగ్గరే ఆగిపోయారు.

పాలమూరు వలసలు తెలిసినవే. మొగుడూ పెళ్లాం ముంబైకో పుణెకో పనికి పోతే ఇంట్లో మిగిలేది అవ్వ, ఆమె మీద మనవలు. నా దగ్గరికి వచ్చేది కూడా అట్లాగే, అవ్వ చంకలో పిల్లాడు. పిల్లాడికి దగ్గు, అవ్వకు బీపీ. పిల్లాణ్ణి ఆమె ఒళ్లోనే ఉంచి చొక్కా పైకెత్తి నిమిషం నిండా ఊపిరి లెక్కపెడతాను. ఇది మీ చైల్డ్ హెల్త్‌లో నేర్పిందే, బాగానే నేర్పారు.

తర్వాతిది ఎవరూ నేర్పలేదు. జ్వరం సిరప్ ఇచ్చి "ఐదు ఎం.ఎల్. పట్టు అవ్వా" అంటే సరిపోతుందా? ఆమెకు రెండు కళ్లలో శుక్లాలు. మూత మీద గీత కనిపించదు. పైగా అదే మందు 5 ఎం.ఎల్.లో 125 మిల్లీగ్రాములు ఉండే సీసా ఉంటుంది, 250 ఉండేదీ ఉంటుంది. పోయినసారి మిగిలిన సీసా గూట్లోనే ఉంటుంది. రెండూ గులాబీ రంగే అయితే ఇక చెప్పేదేముంది. అందుకే నేను సూది లేని సిరంజి మీద ఎర్ర నెయిల్‌పాలిష్‌తో లావుగా గీత పెట్టి ఇస్తాను, ఆరాక గోటికి తగిలేలా. అవ్వ చేతనే నీళ్లతో ఒకసారి పట్టిస్తాను. పాత సీసా తెమ్మని చెప్పి పారబోయిస్తాను.

అవ్వ బీపీ గోలీ దినం తప్పి దినం వేసుకుంటోంది. ఇచ్చినవి ఎక్కువ రోజులు రావాలట, పిల్లల్ని వదిలి మళ్లీ రావడం కుదరదట. ఇది ఏ పోస్టింగ్‌లోకి వస్తుంది? పిల్లలదా, వృద్ధులదా, కమ్యూనిటీదా? పిల్లాడి డోసు సరిగ్గా పడాలంటే అవ్వ కంటి సంగతి చూడాలి. అవ్వ గోలీ పడాలంటే పిల్లాడి సంగతి చూడాలి.

ముసలివాళ్లకు వేరే గది కట్టి రెండు వారాలు అందులో కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. ఒక్కో విద్యార్థికి ఒక ఇల్లు అప్పగించండి, ఆ 4 వారాల కమ్యూనిటీలోనే.

మర్రిగూడ_పెద్దాయన

నేను నర్సుని కాను, రిటైరైన హెల్త్ సూపర్‌వైజర్‌ని. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు తిరిగినవాణ్ణి. ఇల్లు అప్పగించాలన్న మాట మీద ఒకటి చెప్పాలె.

ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏండ్ల తరబడి తాగిన ఇల్లు మా దిక్కు కొత్త గాదు. నీళ్లు ఒక్కటే, ఒక్కో వయసుల ఒక్కో తీరు చూపిస్తయి. పన్ను లోపల తయారయ్యే వయసుల, అంటే దాదాపు 8 ఏండ్ల లోపు తాగితే పండ్లు గారపడతయి. పెద్దయినంక కొత్తగ తాగినోళ్లకు పండ్లు మంచిగనే ఉంటయి, నడుము, మెడ, మోకాళ్లు పట్టేస్తయి. ఇంకా ముదిరితే వెన్ను వంగిపోతది, పక్కటెముకల కాడ బిగుసుకొని ఛాతీ సరిగ్గ లేవదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంక పుట్టిన పోరల పండ్లు, వాళ్ల నాయిన పండ్లు పక్కపక్కన పెట్టి చూడుండ్రి.

మీ పోరగాండ్లు ఇసొంటి తాతను వార్డుల చూసి "వయసు నొప్పులు" అని రాస్తరు. మంచం మీద వెల్లకిల పండవెట్టబోతరు. వంగిన వెన్ను ఎట్ల ఆనుతది? తల కింద, మోకాళ్ల కింద ఆసరా పెట్టి, పక్కకు ఒరిగించి ఉంచాలె. వీపు మీద ఎముక పొడుచుకొచ్చిన కాడ పుండు తొందరగ పడతది. ఏ ఊర్ల పెరిగినవ్, ఏ నీళ్లు తాగినవ్ అని చిన్నప్పటి సంది అడిగితేనే ఆయన రోగం తెలుస్తది. అది అడగనీకె వార్డు గావాల్నా ఇల్లు గావాల్నా మీరే తేల్చుకోండ్రి.

గల్ఫ్_రిటర్న్

మధ్యలో ఒక మాట. టామ్‌కామ్ (విదేశాల ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ద్వారా జర్మనీ, జపాన్ పోతున్న నర్సులకు అక్కడ దొరికే పనుల్లో ముసలివాళ్ల సేవ చాలా ఉంది. వేరే పోస్టింగ్ సర్టిఫికెట్ ఉంటే పిల్లలకు పనికొస్తది. కొంచెం దాని గురించి గూడ ఆలోచించండి.

పాలమూరు_వార్డ్‌సిస్టర్

అన్నా, ముందు మా అవ్వలను చూడనియ్యి, జపాన్ అవ్వలు తర్వాత.

పల్లె దవాఖాన చెల్లే, నీ నెయిల్‌పాలిష్ ముచ్చట మస్తు నచ్చింది, నేను గూడ చేస్త. కానీ ఇల్లు అప్పగించుడు ఇప్పుడు లేదా? ఫ్యామిలీ ఫోల్డర్ అని ఉంది గదా, ఒక ఇంటోళ్ల ఆరోగ్యం సంగతులు రాసే ఫైల్. ఏమైతున్నదో అందరికి ఎరుకే. సీనియర్ల ఫోల్డర్ తెచ్చుకొని ఇంటి పేరు మార్చి, అట్ట మార్చి ఇస్తరు. బొమ్మలు మాత్రం మంచిగ ఏస్తరు. తండాకు బస్సు పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. ఆడపిల్లలను పంపితే వెంట ఎవరు పోతరు? పోతమంటే నేను ఒప్పుకుంట.

వార్డుల అయితే కనీసం పేషెంట్ నిజంగ కండ్ల ముంగట ఉంటడు, అట్ట మార్చనీకె రాదు.

నల్లగొండ_ట్యూటర్

ఫోల్డర్ సంగతి కాదనను. ఈ జిల్లాలో ఆ ఫోల్డర్లు దిద్దినవాళ్లెవరూ కాదనరు. ఇల్లు అన్న ఆలోచన మంచిదే. కానీ వార్డులో తాతను చూడటం రాని పిల్లను ఇంటికి పంపితే అక్కడా బీపీ రాసుకుని వచ్చేస్తుంది. అందుకే నా 2 వారాలు వదులుకోను, వార్డులోనే ఉంచుతాను.

"కొత్తగ ఏం చూపిస్తరు" అని సిస్టర్ అడిగారు. ఇది చూడండి. 25 ఏళ్ల అమ్మాయి, 45 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) 1.0. పక్క బెడ్ మీద 78 ఏళ్ల అవ్వ, ఆమే 45 కిలోలే, ఆమెకూ 1.0. రిపోర్ట్‌లో ఇద్దరికీ "నార్మల్" అనే ఉంటుంది. వయసు, బరువు పెట్టి కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో లెక్క కడితే అమ్మాయి కిడ్నీ వడపోత నిమిషానికి దాదాపు 61 ఎం.ఎల్., అవ్వది దాదాపు 33. కండ తగ్గిన ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ కాబట్టి రిపోర్ట్ బాగున్నట్టు కనిపిస్తుంది. కిడ్నీల ద్వారానే బయటికి పోయే అమికాసిన్ అనే యాంటీబయోటిక్ ఇద్దరికీ ఒకే డోసు వెళ్తే ఏమవుతుంది? డోసు రాసేది డాక్టరే, నిజమే. సిరంజి పట్టుకుని మంచం దగ్గర నిలబడేది మన పిల్లే. 8 కిలోల బిడ్డకు రాసిన డోసును మళ్లీ లెక్కపెట్టుకోవడం నేర్పాం కదా, అవ్వకు ఎందుకు నేర్పలేదు?

ఈ లెక్క వార్డులో ఉంటే చాలు దానంతట అదే రాదు. ఎవరో ఒకరు రెండు కేస్ షీట్లు పక్కపక్కన పెట్టి చూపించాలి. పగలు బాగా మాట్లాడిన మనిషి రాత్రి తికమకపడితే ముందు ఆక్సిజన్, షుగర్, మూత్రం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు చూడమని చెప్పాలి. నొప్పి ఎంత అని అడిగితే సున్నా నుంచి పది వరకు అంకె చెప్పలేని మనిషి ముఖం చూసి, మూలుగు విని అంచనా కట్టడం నేర్పాలి. చంటిపిల్లలకు ముఖం, కాళ్లు, ఏడుపు చూసి మార్కులు వేస్తున్నారుగా.

ఎస్‌ఎన్‌సీయూలో చేతులు వణకడం గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు. పిల్లల 4 వారాలు అక్కడికి చాలవు, ఒప్పుకుంటాను. అయినా ఆ వారాలు అవ్వల ఖాతాలోంచి తియ్యకూడదు.

ఫైనలియర్_అమ్మాయి

మేడమ్, ఇది వైవాల అడుగుతరా? అడిగితే అందరం చదువుతం. అడగకపోతే నేను చదువుత, మిగతావాళ్ల గురించి చెప్పలేను.

పల్లెదవాఖాన_నుంచి

చెల్లి చెప్పినదాంట్లో నిజం ఉంది. మేడమ్, పోస్టింగ్ పేరు మార్చడం మీ చేతుల్లో లేదు, సిలబస్ పై నుంచి వస్తుంది. ఇంటర్నల్ వైవా మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ముందు అక్కడ మొదలుపెట్టండి. వార్డులో చూసిన తాత డిశ్చార్జ్ అయ్యాక ఆ ఇంటికే విద్యార్థిని పంపండి, కనీసం దగ్గరి ఊళ్లవరకైనా. అప్పుడు ఫోల్డర్ కాపీ కొట్టడానికి కుదరదు, ఆ తాత సీనియర్ల ఫోల్డర్‌లో ఉండడు కదా.

పాలమూరు_వార్డ్‌సిస్టర్

ఇది జరిగేటట్టుంది. నా వార్డుకు పంపుతమంటే నావి మూడు షరతులు. పొద్దున హ్యాండోవర్‌కు, అంటే డ్యూటీ అప్పజెప్పేటప్పుడు, ట్యూటర్ గూడ ఉండాలె, పదకొండు గంటల రౌండ్ నడవదు. ఒక పిల్లకు ఇద్దరు పేషెంట్లు, వాళ్లు డిశ్చార్జ్ అయ్యేదాంక మార్చొద్దు. ఆయా రాలేదని నేను పిలిస్తే మీ పిల్లలను పంపనని నా మొహం మీదనే చెప్పాలె, ఎందుకంటే నేను పిలుస్త.

నల్లగొండ_ట్యూటర్

మొదటి రెండూ ఖాయం సిస్టర్. మూడోది మీ ముఖం మీద చెప్పే ధైర్యం నాకు లేదు, ప్రిన్సిపల్ మేడమ్‌తో లెటర్ రాయిస్తాను. మాకు మీ జిల్లా దూరం కాబట్టి ముందు ఇక్కడి వార్డులో మొదలుపెడతాం. మీ షరతులే మా ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చూపిస్తాను.