మనిషి, చింపాంజీ విడిపోయిందెప్పుడు: కుటుంబాల లెక్క నమ్మాలా, శిలాజాన్నా?

సీతమ్మధార సత్యం: 60–70 లక్షల ఏళ్లన్న తేదీని లక్ష్మి గారు రెట్టింపు చేసేశారు. తల్లి, తండ్రి, బిడ్డల జీనోములు (మొత్తం డీఎన్‌ఏ) పోల్చి తీసిన మార్పుల వేగం మీద అంత నమ్మకమా?

ఎంవీపీ లక్ష్మి: లెక్క మీరే చూడండి. మనిషి, చింపాంజీ జీనోముల తేడా 1.2 శాతం, ఒక్కో వైపు 0.6. కుటుంబాల్లో కొలిస్తే తరానికి పది కోట్ల డీఎన్‌ఏ అక్షరాల్లో సుమారు 1.2 కొత్త మార్పులు. భాగిస్తే 5 లక్షల తరాలు. తరానికి 25 ఏళ్లు వేసినా 1.25 కోట్ల ఏళ్లు. ఇందులో శిలాజం ఊసే లేదు.

సత్యం: అదే లెక్క రీసస్ కోతికి కట్టండి (సింహాచలం మెట్ల మీది కోతుల కోవే). మనతో తేడా దాదాపు 6.5 శాతం. దాదాపు 6.8 కోట్ల ఏళ్లొస్తుంది, డైనోసార్లు పోకముందు!

గాజువాక రాజు: కోతికీ 25 ఏళ్ల తరమే వేస్తే అంతే మరి.

లక్ష్మి: అదీ సంగతి. కోతి నాలుగైదేళ్లకే ఈడుకొస్తుంది. అటువైపు డీఎన్‌ఏ మార్పుల గడియారం వడిగా, మనవైపు మెల్లగా నడిచింది.

సత్యం: దొరికారు! కొమ్మకో వేగమైతే నేటి వేగాన్ని కోటి ఏళ్లు వెనక్కి సాగదీయడమేంటి? మధ్యలో మేకు కొట్టేది శిలాజమే.

లక్ష్మి: రామపిథెకస్ అనే శిలాజాన్ని మనిషి పూర్వీకుడని పట్టుకు వేళ్లాడిందెవరండీ? 1967లో శాస్త్రవేత్తలు సారిచ్, విల్సన్ రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూసి 50 లక్షలంటే కొట్టిపారేసిందెవరు?

సత్యం: వాళ్లూ కోతుల చీలికకు 3 కోట్ల ఏళ్లని శిలాజాల నుంచే తీసుకున్నారు! మనిషి వైపుదని చెప్పే 70 లక్షల ఏళ్ల శిలాజం, సహెలాంత్రోపస్ మాటేమిటి?

మాధవధార మణి: ఇద్దరూ వేర్వేరు తేదీల మీద కొట్టుకుంటున్నారు. లక్ష్మి గారిది డీఎన్‌ఏ విడిపోయిన తేదీ, సత్యం గారిది జాతులు విడిపోయినది. ఉమ్మడి పూర్వీకుల్లోనే ఒక్కో జన్యువుకు రకరకాల ప్రతులు అప్పటికే ఉంటాయి. ఆ గుంపు 50 వేలనుకుంటే సగటున లక్ష తరాలు, అంటే 25 లక్షల ఏళ్లు తీసెయ్యాలి.

లక్ష్మి: తీశాను. ఇంకా కోటి మిగిలింది. సహెలాంత్రోపస్ మనవైపుదే అయితే చీలిక అంతకుముందే జరిగిందని చెబుతుంది, ఎంత ముందో చెప్పదు. కనీస హద్దును పట్టుకుని తేదీ అంటున్నారు. నా గొడవంతా అదే.

సత్యం: కనీస హద్దేనని ఒప్పుకుంటాను, పైన హద్దు లేకుండా వదలడానికి మాత్రం ఒప్పుకోను. కోతులకూ, తోకలేని వానరాలకూ మధ్య చీలికకు టాంజానియాలో దొరికిన రుక్వాపిథెకస్ శిలాజం వయసు 2.52 కోట్లు కింద, 3.4 కోట్లు పైన పెట్టి, వేగం కొమ్మకొమ్మకూ మారనిచ్చి లెక్క నడపండి.

మణి: ముందు డీఎన్‌ఏ తీసేసి ఒట్టి హద్దులతో ఒకసారి నడపండి. రెండుసార్లూ అదే తేదీ వస్తే జన్యువులు ఏమీ చెప్పనట్టే, మీరు పెట్టిన హద్దులే తిరిగొచ్చాయి.

లక్ష్మి: సీపీజీ చోట్లు (డీఎన్‌ఏలో C పక్కనే G వచ్చేవి) విడిగా లెక్క కట్టండి. అక్కడి మార్పులు తరం పొడవుతో అంతగా ముడిపడవు.