రోమా 13ను, 25వ అధికరణాన్ని యువతకు కలిపి వివరించడమెలా?

అందరికీ వందనాలు. మిర్యాలగూడ దగ్గరి మా సంఘంలో, రాజ్యాంగంలోని 25వ అధికరణం ఇచ్చిన మత స్వేచ్ఛ కోసం గణతంత్ర దినోత్సవాన దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించే కూడికలో, యువతకు వాక్యం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. బైబిల్లోని రోమా పత్రిక 13వ అధ్యాయంలో పై అధికారులకు లోబడమని అపొస్తలుడైన పౌలు రాసింది నీరో చక్రవర్తి కాలంలోనేనని చెప్పగానే, డిగ్రీ చదివే ఒక తమ్ముడు, “అన్నా, అధికారమంతా దేవుడు నియమించిందే అయితే ఓటెందుకు, హక్కుల కోసం కోర్టుకెళ్లడమెందుకు?” అని అడిగాడు. మంచి ప్రశ్నే, దాటవేయడం నాకిష్టం లేదు. పౌలే కైసరు (రోమా చక్రవర్తి) ఎదుట విచారణ కోరాడు గదా (అపొస్తలుల కార్యములు 25:11) అని అంతవరకు జవాబిచ్చాను.

అయితే మనుష్యులకు కాక దేవునికే లోబడాలన్న పేతురు మాటకు (అపొస్తలుల కార్యములు 5:29), రోమా 13కు మధ్య హద్దు ఎక్కడుందో ఇంటర్ పిల్లలకు సైతం అర్థమయ్యేలా ఎలా చెప్పాలో అనుభవమున్న కాపరులు, పెద్దలు దయచేసి తెలుపగలరు. 25వ అధికరణం ఇచ్చిన ఆ మత స్వేచ్ఛ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడే ఉంటుందన్న సంగతిని కూడా స్తుతి కూడికలోనే ప్రస్తావించడం సబబేనా?